బగారన్నం, మటన్ కూర పక్కన ఏ వైన్? పెండ్లి దావత్‌కు బడ్జెట్‌లో ఎంచుకునే పద్ధతి

హన్మకొండలో మా అన్న బిడ్డ రిసెప్షన్‌కు ఫంక్షన్ హాలు, వంట మాస్టరు, డెకరేషన్ రెండు రోజుల్లో ఖాయమైపోయాయి. ఎటూ తేలనిది వైన్ సంగతి ఒక్కటే. పిల్లగాని తరఫు చుట్టాల్లో, మా బిడ్డ ఆఫీసు వాళ్లలో విస్కీ, బీరు ముట్టకుండా వైన్ అయితే ఒకటి రెండు గ్లాసులు తీసుకునేవాళ్లు అరవై మంది దాకా ఉన్నారు. "వాళ్లకు మర్యాద తక్కువ కావద్దు, అట్లని బడ్జెట్ దాటొద్దు. ఏది తేవాలెనో నువ్వే చూడు" అని అన్న ఆ పని నాకు అప్పజెప్పాడు.

వెంటనే ఒప్పుకున్నాను. కారణం ఉంది. అంతకు కొన్నేండ్ల ముందు, మే నెలలో, దగ్గరి చుట్టాల రిసెప్షన్‌లో ఖరీదైన రెడ్ వైన్ పెట్టారు. రాత్రి పదకొండింటికి టేబుళ్లు సర్దుతుంటే ఒక్క గుటక తాగి వదిలేసిన గ్లాసులు వరసగా కనిపించాయి. ఒక గ్లాసు అంచుకు మటన్ కూర నూనె అంటుకుని ఉంది, లోపల ముప్పావు వంతు వైన్ అట్లనే ఉంది. పట్టుకుంటే గ్లాసు గోరువెచ్చగా తగిలింది. అంత ఖర్చు పెట్టిన ఇంటాయన ఆ గ్లాసుల వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ వైన్‌లో ఏ లోపమూ లేదు. మన కూరకు, మన ఎండకు అది పడలేదు. ఎందుకు పడలేదో తెలుసుకుంటే అందులో సగం ఖర్చుతోనే గ్లాసులు ఖాళీ అయ్యే దావత్ చేయొచ్చు.

స్టఫ్‌ను బట్టి వైన్

వైన్ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట "మాంసానికి రెడ్, చేపకు వైట్". ఈ సూత్రం పుట్టింది ఉప్పు, మిరియాలు చల్లి మాంసం కాల్చుకుని, ఒక ముక్క ఒక గుటక అన్నట్టు భోజనం పొడుగునా తాగే ఊళ్లలో. మన దగ్గర తాగడం వేరు, అన్నం తినడం వేరు. ముందు కూర్చుంటారు, స్టఫ్, అంటే మందుతో నంజుకునేవి, వస్తుంది, గంటా రెండు గంటలు మాటలు నడుస్తాయి. బగారన్నం ప్లేటు చేతికి వచ్చేసరికి గ్లాసు పక్కకు పోతుంది. అందుకే రిసెప్షన్ మెనూలో వైన్‌కు జత చూడాల్సింది బిర్యానీనో బగారన్నాన్నో కాదు, స్టఫ్‌ను. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

మన వైపు స్టఫ్ అంటే ఏముంటాయి? ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టిన గుడాలు, చికెన్ 65, లివర్ ఫ్రై, బోటి, తలకాయ కూర, అపోలో ఫిష్, మసాలా పల్లీలు, ఓపిక ఉన్న ఇంట్లో సర్వపిండి ముక్కలు. వీటన్నిటినీ కలిపేవి కారం, ఉప్పు, నూనె, పైన పిండిన నిమ్మకాయ. వైన్ ఈ నాలుగింటికి తట్టుకోవాలి. మాంసమా చేపా అన్నది ఆ తర్వాతి మాట.

వంట మాస్టరును ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఏ మిరపకాయ వాడతావు? వరంగల్ చపాటా మిర్చి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకుంది. ఆ లావుపాటి కాయలో ఎరుపు ఎక్కువ, మంట తక్కువ. తేజ రకం అట్ల కాదు, కొంచెం వేసినా మండిస్తుంది. చూడటానికి రెండు కూరలూ ఒకే ఎరుపు ఉండొచ్చు, వైన్ పక్కన మాత్రం రెండూ రెండు వేరే వంటలు. మా మాస్టరు రెండూ కలుపుతానన్నాడు. "ఫ్రైలల్ల తేజ తగ్గించు, రంగుకు చపాటా వెయ్యి" అని అప్పుడే మాట తీసుకున్నాం. పైసా ఖర్చు లేకుండా వైన్‌కు జరిగిన మేలు అది.

ఆరు రుచుల భాష

వైన్ రుచి చెప్పేందుకు వాడే ఇంగ్లిష్ మాటలు వింటే ఇది మనకు సంబంధం లేని విద్య అనిపిస్తుంది. నిజానికి ఉగాది పచ్చడి తిన్నవాళ్లకు ఈ భాష వచ్చినట్టే. వైన్‌లో పట్టించుకోవాల్సినవి మూడు రుచులు: తీపి, పులుపు, వగరు. వీటికి తోడు ఆల్కహాల్ ఇచ్చే వేడి.

తీపి ద్రాక్షలోని చక్కెరది. ఆ చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది. పొద్దున దింపిన తియ్యటి కల్లు సాయంత్రానికి ఘాటెక్కేది కూడా ఇట్లనే. చక్కెర మొత్తం అయిపోయేదాకా పులియనిస్తే అది డ్రై వైన్. మధ్యలో ఆపి కొంత చక్కెర మిగిలిస్తే ఆఫ్ డ్రై, సెమీ స్వీట్. యూరప్ లెక్కలో లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే మామూలుగా డ్రై అంటారు, 45 గ్రాములు, ఆపైన ఉంటే స్వీట్. మనకు పనికొచ్చే జాగా ఈ రెండిటి నడుమ ఉంది.

పులుపు కూడా ద్రాక్షదే. పచ్చిపులుసు గుటక వేస్తే నోట్లో నీళ్లూరి నాలుక శుభ్రమైనట్టు, పులుపున్న వైన్ కూడా నూనె జిడ్డును కడిగేస్తుంది. చికెన్ 65 మీద నిమ్మకాయ పిండటంలో ఉన్న తర్కమే ఇక్కడా పని చేస్తుంది. ఇంకో సంగతి: తినేదాంట్లో పులుపు ఉండి వైన్‌లో లేకపోతే ఆ వైన్ చప్పగా, నీళ్లు కలిపినట్టు అనిపిస్తుంది.

అసలు తిప్పలు వగరుతో. జామ పిందె కొరికినప్పుడు, పచ్చి నేరేడుపండు నమిలినప్పుడు నాలుక పిడచగట్టుకుపోయి చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది కదా, వైన్ వాళ్లు టానిన్ అనేది అదే. ద్రాక్ష ఏ రంగుదైనా చాలా రకాల్లో లోపలి రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. నల్ల ద్రాక్ష తొక్కతో, గింజతో కలిపి పులియబెడితే ఆ రంగు, దాంతోపాటు వగరు రసంలోకి దిగి రెడ్ వైన్ అవుతుంది. తొక్క తీసేసి రసాన్ని పులియబెడితే వైట్ వైన్, అందులో వగరు చాలా తక్కువ. తొక్కను కొన్ని గంటలు మాత్రమే ఉంచి తీసేస్తే లేత గులాబీ రంగు రోజే (rosé) వైన్. ఈ ముక్క అర్థమైతే సీసా రంగు చూసి వగరు అంచనా వేయొచ్చు.

మటన్‌లో ఉండే ప్రొటీన్, కొవ్వు వగరును కొంత మెత్తబరుస్తాయి. "మాంసానికి రెడ్" అన్న సూత్రం వెనక ఉన్న నిజం ఇదే. కాల్చిన మాంసానికి అది సరిగ్గా పనిచేస్తుంది కూడా. మన కూరలో కారం వచ్చి ఆ లెక్కను తప్పిస్తుంది.

మిరపకాయ మంట నిజానికి రుచే కాదు. మన నోట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది, పేరు టీఆర్‌పీవీ1. వేడి 42 డిగ్రీల దాకా పోతే "కాలుతోంది" అని మెదడుకు చెప్పడం దాని పని. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా అది అదే కబురు పంపుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్య నోబెల్ వచ్చింది, ఆర్డెం పటపూటియన్‌తో కలిపి. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది ఏమంటే, ఆల్కహాల్ ఈ గ్రాహకం మేల్కొనే ఉష్ణోగ్రతను 42 నుంచి 34 డిగ్రీల దగ్గరికి దించుతుంది. మన ఒంటి వేడే 37. కారం కూర తిన్న నోట్లో ఘాటైన మందు పోస్తే మంట ఎగిసిపడేది అందుకే. దానిపైన వగరు కూడా ఉంటే నాలుక ఎండిపోయి ఆ మంట ఇంకా గరుకుగా తగులుతుంది. 14 శాతం ఆల్కహాల్, బాగా వగరు ఉన్న రెడ్ వైన్‌ను మే నెలలో గోరువెచ్చగా, తేజ మిర్చి వేసిన బోటితో ఇచ్చారనుకోండి. మా చుట్టాల రిసెప్షన్‌లో జరిగింది అచ్చం అదే.

కాబట్టి మన దావత్‌కు కావాల్సిన వైన్ ఎట్ల ఉండాలో ఇప్పుడు చెప్పొచ్చు. కొంచెం తీపి ఉండాలి, అది కారాన్ని తగ్గించి చూపిస్తుంది. పులుపు గట్టిగా ఉండాలి. వగరు తక్కువ ఉండాలి. ఆల్కహాల్ 11 నుంచి 12.5 శాతం మధ్య ఉంటే మేలు. చల్లగా ఉండాలి. ఈ గుణాలున్న సీసాలు తక్కువ ధర వరసలోనే ఎక్కువ దొరుకుతాయి. ధర పెరిగేకొద్దీ ఓక్ చెక్క పీపాల్లో నిలవ ఉంచిన, వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ వైన్లే ముందుకొస్తాయి. మన కూర ముందు ఆ అదనపు డబ్బు వృథా.

ఆదివారం పూట పరీక్ష

చదివింది నిజమో కాదో చూడాలని ఒక ఆదివారం అన్న ఇంట్లో ఎనిమిది మందిమి కూర్చున్నాం. మాస్టరుతోనే కిలో మటన్, కొంచెం బోటి, అపోలో ఫిష్ చేయించాం. గుడాలు వదిన చేసింది. ఐదు సీసాలు తెచ్చాను: ఒక కాబెర్నె సావిన్యాన్, ఒక షిరాజ్ (రెండూ రెడ్), ఒక డ్రై సావిన్యాన్ బ్లాంక్, కొంచెం తియ్యగా ఉండే షెనిన్ బ్లాంక్ (రెండూ వైట్), ఒక రోజే. పేరు, ధర చూస్తే మనసు ముందే ఒకవైపు మొగ్గుతుంది కాబట్టి సీసాలకు పేపరు చుట్టి పైన 1 నుంచి 5 దాకా అంకెలు వేశాను.

కాబెర్నె మొదటి గుటకకే వదిన "పచ్చి అల్లనేరేడు నమిలినట్టున్నది" అన్నది. ఆమె ఎన్నడూ వైన్ తాగలేదు, టానిన్ అన్న మాట వినలేదు, అయినా సరిగ్గా చెప్పింది. చిన్నాయన విస్కీ మనిషి. బోటి ముక్క నోట్లో ఉండగానే అదే వైన్ తాగి "గుటక దిగంగనే మంట లేసింది" అని పెరుగు గిన్నె అందుకున్నాడు. అదే కాబెర్నె ఉప్పు పల్లీలతో తాగితే ఇద్దరికీ బాగుంది. ఉప్పు వగరును అణచేస్తుంది, కారం రెచ్చగొడుతుంది. ఒకే సీసా, రెండు ప్లేట్లు. నాకు ఆ రోజు అన్నిటికంటే నచ్చిన పాఠం అది.

షిరాజ్‌ను తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. దానిలో మిరియాల వాసన ఒకటి ఉంటుంది, మటన్ కూరకు బాగా అతికింది. బోటికి మాత్రం తట్టుకోలేదు. సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి మామిడి, కోసిన గడ్డి లాంటి వాసన వస్తుంది. అపోలో ఫిష్ మీద నిమ్మకాయ పిండి తింటే ఆ రెండూ ఒకదానికొకటి పుట్టినట్టు ఉన్నాయి, వేరే దేనితోనూ అంత బాగా కుదరలేదు. రోజే దేనికీ అడ్డం రాలేదు, దేన్నీ గొప్పగా పైకి తేలేదు. అందరూ రెండోసారి గ్లాసు చాపింది షెనిన్ బ్లాంక్‌కు. గుడాలు, చికెన్, బోటి, ఆఖరుకు మాంసం తినని మా వదిన చెల్లె తెచ్చుకున్న బగారా బైంగన్, అన్నిటితో కుదిరింది. పల్లి, నువ్వులు, చింతపండు కలిసిన ఆ గ్రేవీకి రెడ్ వైన్ వెతకడం కష్టం. ఈ తెల్లది అలవోకగా సరిపోయింది.

పేపర్లు విప్పి చూస్తే ఐదింటిలో చౌకది ఆ షెనిన్ బ్లాంక్. మీరూ ఇట్ల ఒక పూట చేయండి. నాలుగైదు సీసాల ఖర్చు అవుతుంది, రెండు కేసులు, అంటే 24 సీసాలు, తప్పుగా కొనడం కంటే అది చాలా తక్కువ. మీ మాస్టరు చేతి కారం ముందు నా మాట కంటే మీ నాలుక మాట నమ్మడం మంచిది.

దుకాణంలో చూడాల్సినవి

మన దగ్గర మందు దుకాణాన్ని వైన్స్ అంటాం గానీ, లోపల అల్మారాల నిండా విస్కీ, బ్రాందీ, ఫ్రిజ్‌ల నిండా బీరు ఉంటాయి. వైన్ సీసాలు ఒక మూల అర వరసే. చిన్న దుకాణంలో అడిగితే తియ్యటి పోర్ట్ చేతిలో పెడతారు. హన్మకొండలో కాస్త పెద్ద దుకాణాలు రెండు మూడు తిరిగి, కావాల్సిన సీసా పేరు చెప్పి రెండు మూడు వారాల ముందే తెప్పించమనడం తేలిక.

విదేశీ వైన్ జోలికి పోవద్దని నా సలహా. దిగుమతి వైన్ మీద మన దేశంలో ఏండ్ల తరబడి 150 శాతం సుంకం ఉంది. ఆస్ట్రేలియా వైన్‌కు 2022 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందంతో అది దశలవారీగా తగ్గుతోంది, అది కూడా ఒక ధరకు పైబడిన సీసాలకే. ఆపైన రాష్ట్రం పన్నులు. అక్కడ మామూలు ఇంటి వైన్ ఇక్కడికి వచ్చేసరికి పండగ ధర పలుకుతుంది. అదే డబ్బుకు మన దేశపు వైన్‌లో మంచి మెట్టు దొరుకుతుంది. 1988లో మొదలైన గ్రోవర్ తోటలు బెంగళూరు దగ్గర నందిహిల్స్‌లో ఉన్నాయి. 1999లో పుట్టిన సులా కంపెనీ నాసిక్‌లో, ఫ్రాటెల్లి కంపెనీ సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ల్వార్ నది లోయ నుంచి వచ్చిన షెనిన్ బ్లాంక్ నాసిక్ నేలలో బాగా కుదురుకుంది.

సీసా చేతిలోకి తీసుకుని ముందు ఏడాది చూడండి. మన దేశంలో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. చౌక వైట్, రోజే ఎంత కొత్తవైతే అంత మంచివి. "పాతబడితే రుచి పెరుగుతుంది" అన్నది దానికోసమే చేసిన కొన్ని ఖరీదైన వైన్లకు వర్తించే మాట. వైట్ వైన్ గోధుమ రంగులోకి తిరిగితే, కార్క్ పైకి పొడుచుకొస్తే, మూత చుట్టూ జిగట ఉంటే ఆ సీసా ఎండ తగిలి పాడయిందని అర్థం. ఏసీ లేని దుకాణంలో రెండు ఎండాకాలాలు నిలబడ్డ సీసా ఏ కంపెనీదైనా వద్దు. వెనక లేబుల్ మీద ఆఫ్ డ్రై, మీడియం డ్రై, సెమీ స్వీట్ అని ఉంటే అది మనకు కావాల్సిన కోవలోది. మరమూత ఉన్న సీసాలు దొరికితే అవే తీసుకోండి, రద్దీలో కార్క్ తీసే స్క్రూ కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

పోర్ట్ గురించి ఒక మాట. పోర్చుగల్‌లో డోరో లోయలో చేసే పోర్ట్ వేరు. అక్కడ పులుస్తున్న వైన్‌లో ద్రాక్ష స్పిరిట్ పోసి పులియడం ఆపేస్తారు, ఆల్కహాల్ 20 శాతం దగ్గర ఉంటుంది. మన దుకాణాల్లో పోర్ట్ పేరుతో అమ్మేది తియ్యటి ఎర్ర వైన్. పెద్దవాళ్లు కొందరు అదే ఇష్టంగా తాగుతారు, వాళ్ల కోసం రెండు సీసాలు తేవడంలో తప్పేమీ లేదు. డబల్ కా మీఠాతో జత కుదురుతుందని మాత్రం తేకండి. మిఠాయి కంటే వైన్ తియ్యగా లేకపోతే వైన్ పుల్లగా తోస్తుంది. మీఠా వచ్చాక గ్లాసులు తీసేయించడమే మంచిది.

ఎన్ని సీసాలు

పిలిచింది నాలుగు వందల మందిని అని తలకో గ్లాసు లెక్కేస్తే 80 సీసాలు తేలతాయి. అంత కొంటే మూడింట రెండు వంతులు మిగిలిపోతాయి. వైన్ తీసుకునేవాళ్లను పేరుపేరునా లెక్కపెట్టండి. మాకు 60 మంది, తలకు రెండు గ్లాసులు, 120 గ్లాసులు. 750 ఎంఎల్ సీసాలో 150 ఎంఎల్ గ్లాసులు ఐదు వస్తాయి, అంటే 24 సీసాలు, రెండు కేసులు. పదో వంతు ఎక్కువ ఉండాలని ఇంకో మూడు. ఆ 27లో 14 షెనిన్ బ్లాంక్, 7 రోజే, 6 షిరాజ్ తీసుకున్నాం. సావిన్యాన్ బ్లాంక్ నాకు ఎంత నచ్చినా వదిలేశాను, ఒక్క అపోలో ఫిష్ కోసం నాలుగో రకం పెడితే పోసేవాళ్లు తికమక పడతారు. ఉక్కపోత రాత్రయితే 150 కాకుండా 125 ఎంఎల్ పోయించండి. సీసాకు ఆరు గ్లాసులు వస్తాయి, గ్లాసులో ఉన్నంతసేపు చల్లదనం నిలుస్తుంది.

ఎమ్మార్పీ సీసా మీదే ఉంటుంది. దాన్ని ఐదుతో భాగించి గ్లాసు ధర రాసుకోండి, అప్పుడు ఏది చౌకో తెలుస్తుంది. పక్క రాష్ట్రంలో తక్కువకు వస్తుందని గోవా నుంచో మహారాష్ట్ర నుంచో తెప్పించే ఆలోచన పెట్టుకోవద్దు. ఇక్కడ పన్ను కట్టని మందును ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే పెండ్లింట కేసు అవుతుంది.

చల్లబరచడం

ఇంత చూసి కొన్నా ఒక్క పని చెడితే అంతా చెడుతుంది, అది చల్లదనం. రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలంటారు. ఆ రూము యూరప్‌లో రాతి గోడల ఇంట్లోది, 16 నుంచి 18 డిగ్రీలు. వైశాఖ మాసం ముహూర్తానికి వరంగల్‌లో పగలు 42 దాటుతుంది, రాత్రి హాల్లో ఏసీ లేకపోతే రూమ్ టెంపరేచర్ అంటే 33, 34. షిరాజ్‌ను కూడా చల్లబరచాల్సిందే, 15 డిగ్రీల దగ్గర దాని వగరు గుచ్చుకోకుండా ఉంటుంది. వైట్, రోజే 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ గడ్డకట్టేంత చల్లగా ఇస్తే వాసన రాదు.

హాలు వాళ్ల ఫ్రిజ్ మీద ఆశ పెట్టుకోవద్దు, అందులో పాలు, పెరుగు, కూల్‌డ్రింకులు ముందే నిండి ఉంటాయి. మేము రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు తీసుకుని, ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన గడ్డలు పగలగొట్టి వేసి, సీసాల మెడ దాకా నీళ్లు పోసి, రెండు దోసిళ్ల కల్లుప్పు వేశాం. నీళ్లు పోయడం ముఖ్యం. వట్టి ఐస్ ముక్కలు సీసాను అక్కడక్కడే తాకుతాయి, నీళ్లు చుట్టూ పట్టుకుంటాయి. ఉప్పు ఆ నీళ్ల చలిని ఇంకా కిందికి దించుతుంది. ఇరవై నిమిషాల్లో సీసాలు తయారు. ఒకేసారి అన్నీ ముంచకుండా పన్నెండు పన్నెండుగా వేశాం, షిరాజ్ సీసాలు ఆఖరి పది నిమిషాలే. కొన్న రోజు నుంచి దావత్ దాకా సీసాలు ఇంట్లో చీకటి గదిలో, నేల మీద ఉంచండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉన్నా వైన్ ఉడికిపోతుంది.

గ్లాసులు టెంట్ హౌస్ నుంచి అద్దెకు దొరుకుతాయి. పేపరు కప్పులో పోస్తే వైన్ వాసన పోయి కప్పు వాసన మిగులుతుంది. మూడో వంతుకు మించి నింపొద్దని పోసే పిల్లలకు ముందే చెప్పండి.

వైన్ అంటే ద్రాక్ష రసమే కదా అనుకునేవాళ్లు మన చుట్టాల్లో చాలామంది. 12 శాతం ఉన్న ఒక గ్లాసులో 18 ఎంఎల్ ఆల్కహాల్ ఉంటుంది. 30 ఎంఎల్ విస్కీ పెగ్గులో 13 ఎంఎల్ లోపే. అంటే ఒక గ్లాసు దాదాపు పెగ్గున్నర. తీపిగా, చల్లగా ఉంది కాబట్టి తెలియకుండా దిగిపోతుంది. అందుకే ప్రతి టేబుల్ మీద మంచినీళ్లు, మజ్జిగ పెట్టించాం. బండి నడిపేవాళ్ల రక్తంలో 100 ఎంఎల్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. హన్మకొండ, కాజీపేట వాళ్లను ఇండ్లకు చేర్చడానికి మేము రెండు కార్లు డ్రైవర్లతో మాట్లాడి పెట్టాం. 21 ఏండ్లు నిండనివాళ్లకు పోయొద్దని గట్టిగా చెప్పాం, తెలంగాణలో చట్టం అదే.

ఇవన్నిటికంటే ముందు చేయాల్సింది పర్మిషన్. ఫంక్షన్ హాల్లో మందు ఇవ్వాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఈపీ-1 అనే ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. చాలా హాళ్లు మందుకే ఒప్పుకోవు, అడ్వాన్సు ఇచ్చే ముందే అడగండి. ముహూర్తం తేదీ డ్రై డే కాకుండా, ఎన్నికల పోలింగ్ దగ్గర్లో లేకుండా చూసుకోండి. మా దగ్గర పెండ్లి తంతు పొద్దున వేరే చోట అయిపోయింది, రాత్రి రిసెప్షన్‌లో కూడా వైన్ టేబుల్ స్టేజీకి దూరంగా, పక్క హాల్లో పెట్టించాడు అన్న. పెద్దవాళ్లు ఎవరూ ఇబ్బంది పడలేదు.

ఆ రాత్రి షెనిన్ బ్లాంక్ పద్నాలుగూ అయిపోయాయి. ఒక షిరాజ్ సీసా, రోజే వైన్ సీసాలు రెండు మూత తీయకుండా మిగిలాయి, ఇంకో రెండు సీసాల్లో సగం సగం ఉంది. సగం సీసాలు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూడో రోజు చుట్టాలు తిరుగు ప్రయాణం కట్టే లోపల అవగొట్టాం. మూత తీయనివి తొలి పెండ్లి రోజుకు దాచుకుంటానని మా బిడ్డ అడిగింది. వద్దన్నాను. అల్మారాలో ఒక ఎండాకాలం గడిస్తే వాటిలో తాగడానికి ఏమీ మిగలదు. ఆ నెలలోనే, అత్తగారింటి వాళ్లు భోజనానికి వచ్చిన రోజు, నాటుకోడి కూర పొయ్యి మీద ఉండగానే మిగిలిన రోజే వైన్ సీసాలు రెండూ తెరిచాం.